ఎనిమిది అన్నదెవరు?

నేను సిటీ బస్సు కండక్టర్ని. పంతొమ్మిదేళ్ళుగా మనుషుల్ని లెక్కపెట్టడమే నా పని. "టికెట్ అయిందా?" అని అడిగితే బస్సులో అందరూ అయిందనే అంటారు. తీసుకోనివాడు మరీ గట్టిగా అంటాడు. అందుకని నేను నోళ్ళని నమ్మను, తలల్ని లెక్కపెడతాను. సీట్లలో ఉన్నవాళ్ళు, కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్ళు, ఇంజను మీద చతికిలబడ్డవాళ్ళు, తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పసివాళ్ళు, అందరూ నా కంట్లో పడాల్సిందే. ఇంత తెలిసినదాన్ని కొండ మీద ఏం చేశానో చెప్తాను. చెప్పి పుణ్యం మూటగట్టుకుందామని కాదు. ఈ సంగతిని మా బాబాయి ఒక రకంగా, పిల్లలు ఒక రకంగా చెప్పుకుంటున్నారు. రెండింట్లోనూ నేను ఉండాల్సినదానికంటే మంచిదాన్నిగా ఉన్నాను.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. దర్జీ. ఆయన కొట్టు ముందుగదిలో రెండు మిషన్లు, ఒక అద్దం, కుట్టడానికి వచ్చిన ప్యాంట్ల గుట్ట. వెనకగదిలో టెంట్లు, తాళ్ళు, వంట స్టవ్వులు. ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో చిరిగిన టెంటు కుట్టమని తెచ్చి, కూలి బదులు ఆయన్ని కూడా కొండెక్కించారట. అప్పుడు పట్టిన పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. ఏటా వేసవి సెలవుల్లో ఎనిమిదిమంది కుర్రకారుని వెంటబెట్టుకుని ఆరు రోజులు అడవీ కొండా తిప్పి తీసుకొస్తాడు. పిన్ని పోయాక ఆయన్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ సెలవు పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు కొండలంటే ప్రేమా లేదు, పగా లేదు.

వీపు మీద మోసే బ్యాగులన్నీ ఆయన కుట్టినవే. ఒక్కోదాని మూత మీద ఎర్రదారంతో ఒక నంబరు ఉంటుంది. ఆ బ్యాగు మోసినవాళ్ళకి ఆరు రోజులూ అదే నంబరు. ఆయన ఒకటి, అందరికంటే ముందు నడుస్తాడు. నేను పది, అందరికంటే వెనక. మధ్యలో పిల్లలు. వెనక నడిచేవాళ్ళ పని ఒక్కటే, తమ వెనక ఎవరూ మిగలకుండా చూసుకోవడం.

బాబాయికి రెండు నియమాలున్నాయి. ఆగిన ప్రతిచోటా, మళ్ళీ కదిలేముందు, ఒకటి నుంచి పది దాకా ఎవరి నంబరు వాళ్ళు అరవాలి. మలుపుల్లో, మబ్బులో మనిషి కనబడకపోయినా గొంతు వినబడుతుంది కాబట్టి, గొంతు అందితే మనిషి వచ్చినట్టే లెక్క. పది వినబడగానే ఆయన అడుగు ముందుకేస్తాడు. రెండో నియమం, గొంతు కూడా అందనంత వెనకబడ్డవాళ్ళకి ఆయన జేబులోంచి దర్జీ సుద్దముక్క తీసి బ్యాగు మీద ఒక గీత గీస్తాడు. మూడు గీతలు పడ్డాయంటే, అయిదోరోజు పొద్దున మా దారి తారురోడ్డుని దాటేచోట దింపేస్తాడు. బస్సెక్కి ఇంటికి పోవడమే. కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. "కత్తిరించిన గుడ్డ కత్తిరించినట్టే" అంటాడు. నాకు మాత్రం గీతలు లేవు. వెనక ఉండటమే నా ఉద్యోగం కదా.

ఈ ఏడాది బయల్దేరే ముందురోజు బ్యాగులు సర్దుతుంటే, మా వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. నోట్లో నాలుక లేదు. తల్లికి మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది.

"ఇది ఏదీ చివరిదాకా చెయ్యదండీ" అంది ఆవిడ, ఇస్త్రీ చేసిచేసి ఎర్రబడ్డ చేతులు నడుముకి తుడుచుకుంటూ. "ఈత సగం నేర్చుకుంది. టైపు సగం. కంప్యూటర్ కోర్సు రెండు నెలలు వెళ్ళి మానేసింది. పళ్ళెంలో అన్నం కూడా సగమే తింటుంది. దీన్ని ఆరో రోజుదాకా నడిపించి పంపించండి చాలు."

ఆ పిల్ల తలెత్తలేదు. బాబాయి ఆమె భుజాలు కంటితోనే కొలిచి ఎనిమిదో నంబరు బ్యాగు ఇచ్చాడు. అందరి బిస్కెట్ పొట్లాలూ అందులో వేశాం, బరువు తక్కువని.

ఏడో నంబరు రేడియోది. అది వాడి పేరు కాదు గానీ, పద్దెనిమిదేళ్ళ ఆ కుర్రాడి నోరు మూతపడటం ఎవరూ చూడలేదు. ఎవరి గొంతైనా ఇట్టే దింపేస్తాడు. బాబాయి దగ్గు, కుట్టుమిషన్ చప్పుడు, నా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అన్నీ వాడికి వచ్చు. కాలేజీలో సగం క్లాసు హాజరు వాడొక్కడే పలికేవాడట. తొమ్మిదో నంబరు నిచ్చెన. పొడుగు తప్ప ఇంకేమీ లేని మంచి కుర్రాడు. మిగిలినవాళ్ళు ఈ కథకి అక్కర్లేదు, వాళ్ళు బుద్ధిగా నడిచారు.

మొదటిరోజు మధ్యాహ్నానికే లాండ్రీవాళ్ళమ్మాయికి నిదానం అని పేరు పడింది. కుంటి కాదు, రోగం లేదు. ఒక్కో అడుగూ అనుమతి అడిగి వేసినట్టు వేస్తుంది. నిదానమే ప్రధానం అని పెద్దలు అన్నారు గానీ, వాళ్ళెవరూ ఈ పిల్ల వెనక నడిచి ఉండరు. మొదటిరోజు ఒక గీత పడింది. రెండోరోజు మధ్యాహ్నానికి రెండోది. ఆ సాయంత్రం వాగు ఒడ్డున గిన్నెలు కడుగుతూ నాతో అంది.

"ముందు రాకపోయినా పర్లేదక్కా. చివరిదాకా నడిస్తే చాలు నాకు."

"ఇంకొక్క గీత పడకుండా చూసుకో మరి. రోడ్డు దాటేశాక ఇంక దింపడానికి చోటే లేదు. రెండు రోజులు ఓపిక పట్టు."

"మా అమ్మ అప్పుడే అనేసుకుని ఉంటుంది, మధ్యలో వచ్చేస్తానని."

ఇదంతా చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. గిన్నె అడుగున మాడింది గోకుతోంది.

మూడోరోజు పొద్దున పెద్ద ఎక్కుడు. నేను, నిదానం మెలికల దారిలో బాగా కింద ఉన్నాం. పైనుంచి లెక్క మొదలైంది. ఒకటి, రెండు, మూడు. నాకు గొంతు ఉంది, బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వినబడే గొంతు. పక్కనున్న పిల్లకి ఊపిరే అందడంలేదు, గొంతెక్కడిది? మూడో గీత పడిపోయినట్టే అనుకున్నాను. ఏడు తర్వాత పైనుంచి "ఎని... మిది" అని వినబడింది. అచ్చం నిదానం అన్నట్టే, మధ్యలో ఊపిరి తీసుకుని మరీ. రేడియో బండరాయి వెనక చేరి కిందికి తిరిగి అరిచి ఉంటాడు. బాబాయికి ముప్ఫై ఏళ్ళ మిషన్ చప్పుడుతో ఎడమచెవి పోయింది. పైనుంచి నిచ్చెన తొమ్మిది అన్నాక, నేను నవ్వాపుకుని "పది!" అని అరిచాను.

నిదానం నావైపు తిరిగి చూసింది.

"నేనే అనేదాన్ని కదక్కా" అంది, కాస్త ఊపిరి అందాక.

"ఊపిరి దాచుకో. నీ బదులు వాళ్ళు అంటున్నారు, మంచిదేగా."

"బాబాయికి తెలిస్తే?"

"ఎవరు చెప్తారు? నువ్వా, నేనా?"

ఆ రోజూ మర్నాడు పొద్దునా కలిపి అయిదుసార్లు ఆమె నంబరు రేడియో నోటివెంటే వచ్చింది. మూడోసారి నుంచి ఆమె నోరు తెరవడం కూడా మానేసింది. పిల్లలందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారని నాకు ముచ్చటేసింది కూడా. బస్సులో ఎవడైనా పక్కవాడి తరపున "వాడికి అయిందండీ" అంటే వాడి నోరు మూయించేదాన్ని, ఇక్కడ మాత్రం మురిసిపోయాను.

నాలుగోరోజు కనుమ, అంటే రెండు కొండల మధ్య సందు, దాటాలి. దాటి గంటన్నర నడిస్తే రాతిగుడిసె, ఆ గుడిసెకి గంట దూరంలో తారురోడ్డు. అంటే ఆ సాయంత్రం దాకా గీత పడకపోతే నిదానం గట్టెక్కినట్టే. మధ్యాహ్నం రెండు దాటేసరికి మబ్బు దిగింది. పది అడుగుల అవతల ఏముందో తెలియడంలేదు. అప్పుడే నిచ్చెన బూటు అడుగు ఊడి, కుక్క నాలుకలా వేలాడింది. నేను ఆగి, బ్యాగులోంచి పురికొస తీసి కట్టడం మొదలుపెట్టాను.

"నేను మెల్లగా నడుస్తుంటానక్కా" అంది నిదానం. "లేకపోతే మళ్ళీ నాకోసం మీరు ఆగాలి."

వెళ్ళమన్నాను. ముందు వాళ్ళున్నారు, వెనక మేమున్నాం, మధ్యలో ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఆమె పచ్చరంగు బ్యాగు నాలుగు అడుగులు కనిపించి మబ్బులో కలిసిపోయింది.

పురికొస రెండుసార్లు తెగింది. పదిహేను నిమిషాలు పట్టిందేమో. మేమిద్దరం లేచి, ఎండిపోయిన వాగు దాటి, పైకి ఎక్కుతుంటే కనుమ కింద ఆగేచోటు నుంచి లెక్క వినబడింది. ఆరు. ఏడు. "ఎని... మిది!" నా పక్కనుంచి నిచ్చెన "తొమ్మిది!" అన్నాడు. నేను "పది!" అన్నాను. పైన బాబాయి విజిల్ ఊదాడు, వాన ముంచుకొస్తోంది, ఆగకుండా వచ్చేయండి అని కేకేసి కదిలిపోయాడు.

ఆ ఎనిమిది రేడియో గొంతని నాకు తెలుసు. నిదానం అంటే చివర్లో గొంతు కిందికి జారుతుంది, వాడు అంటే జారదు. అది తెలిసి నేను అనుకున్నదేమిటంటే, పిల్ల పైకి చేరింది, వాడి పక్కనే నిలబడి రొప్పుతోంది, అందుకని వాడు అన్నాడు అని. పైకి చేరిన మనిషికి ఇంకొకరి గొంతెందుకు అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆలోచించలేదు. అక్కడ రేడియో అనుకున్నదేమిటంటే, పిల్ల కింద కండక్టరక్క పక్కన రొప్పుతోంది, ఎప్పటిలాగే. పైవాళ్ళకి కింద ఉంది, కిందున్న నాకు పైన ఉంది.

నాలుగు గంటలకి గుడిసె చేరాం. రాతిగోడలు, రేకు కప్పు, మధ్యలో ఇనుప పొయ్యి, గోడల వెంట చెక్కబల్లలు. నేను గుమ్మంలో నిలబడి అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టాను. నాతో కలిపి తొమ్మిది. బల్లల కింద కూడా చూసి మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిది.

"నిదానం ఏదిరా?" అన్నాను.

రేడియో తడిసిన చొక్కా పిండుతున్నవాడల్లా ఆగిపోయాడు. "మీతో లేదా?"

రేకుమీద వాన పడుతోంది. బాబాయి పొయ్యి దగ్గర్నుంచి లేచాడు.

"కనుమ కింద ఎనిమిది విన్నాను నేను. ఎనిమిది అన్నదెవరు?"

అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాత్రం మాయం. ఒకరు బూటుకేసి, ఒకరు కప్పుకేసి చూస్తున్నారు. ఎవడో మూలనుంచి "బిస్కెట్లన్నీ ఆ బ్యాగులోనే ఉన్నాయి" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదో చెడ్డదో నాకిప్పటికీ తెలీదు.

"నేనే అన్నాను బాబాయీ" అన్నాడు రేడియో. "మూడో గీత పడకూడదని. నిన్నట్నుంచీ నేనే అంటున్నాను."

"అందరికీ తెలుసా?"

పిల్లలు తలలూపారు. బాబాయి నావైపు చూడలేదు. నాకు తెలిసి ఉండే అవకాశం ఆయన బుర్రలోకే రాలేదు. నేను కూడా చెప్పలేదు. ఇప్పుడు దానికి టైం లేదు అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆ పిల్ల బ్యాగులో టెంటు లేదు, స్టవ్వు లేదు. స్లీపింగ్ బ్యాగు, ఒక ప్లాస్టిక్ పట్టా, మా అందరి బిస్కెట్లు ఉన్నాయి. చీకటి పడటానికి మూడున్నర గంటలుంది. పడ్డాక ఆ ఎత్తులో వానలో తడిసిన మనిషి తెల్లవారేదాకా ఉంటుందని చెప్పలేం.

ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, పిల్లల్ని పెద్దలు లేకుండా వదలకూడదు. దారి బాగా తెలిసింది బాబాయికే గానీ ఆయన మోకాలు అప్పటికే వాచి ఉంది. నేను వెళ్తానన్నాను. రేడియో నా వెనకే గుమ్మం దిగాడు. వాణ్ణి వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు.

దారంతా వాడొక్క మాట మాట్లాడలేదు. వాడు పళ్ళు బిగించి ముందు, నేను వెనక. ఫ్లాస్కులో టీ, పొడి దుప్పటి, తాడు. కనుమ మీద గాలికి వాన అడ్డంగా కొడుతోంది. అయిదుంబావుకి మధ్యాహ్నం లెక్క జరిగిన చోటికి చేరాం. విజిల్ ఊదాం. ఆగాం. గాలి హోరే తప్ప ఏమీ వినబడలేదు. కాస్త కిందికి దిగితే ఎండిన వాగు, ఇప్పుడు ఎండి లేదు, పాదాలు మునిగేంత నీళ్ళు. దాని ఒడ్డున ఎడమవైపు ఇంకో దారి కనిపించింది, ఏవో జంతువులు తొక్కిన దారి. మా అసలు దారికంటే శుభ్రంగా ఉంది. మబ్బులో ఎవరైనా అదే అసలు దారనుకుంటారు. నేను బూటు కడుతూ కూర్చోకపోతే, నేనూ అక్కడుంటే, అటు పోనిచ్చేదాన్ని కాదు.

రేడియో మళ్ళీ ఊదాడు. ఈసారి జవాబుగా కేక వినబడింది, సన్నగా రెండుసార్లు.

లెక్క జరిగిన చోటికి రెండొందల అడుగుల దూరంలో, బండకి ఆనుకుని, బ్యాగు మీద కూర్చుని, పట్టా కప్పుకుని ఉంది. దారి తప్పినవాళ్ళు తిరక్కుండా ఉన్నచోటే కూర్చోవాలని బాబాయి మొదటిరోజు చెప్పాడు. అలాగే కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి, వేళ్ళు ముడుచుకోవడంలేదు. ఒక్క బిస్కెట్ పొట్లం కూడా విప్పలేదు. దుప్పటి చుట్టి, టీ తాగిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు తిట్లు వస్తాయి.

"నోరు లేదా నీకు? ఇంత దగ్గర ఉన్నావు! ఒక్క కేక వేస్తే వినబడేది కదే!"

"వేద్దామనే అనుకున్నానక్కా." పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి, ఒక్కో మాటా విరిగి వస్తోంది. "అప్పుడే పైన లెక్క మొదలైంది. నా నంబరు రాగానే గట్టిగా అరుద్దామని లేచి నిలబడ్డాను. ఆరు అయింది. ఏడు అయింది. నేను నోరు తెరిచేలోపు ఎనిమిది అయిపోయింది."

"అయిపోతే?"

"లెక్క సరిపోయింది కదక్కా. ఇంక నేనేమని అరవాలి?"

నేను ఫ్లాస్కు మూతలో ఇంకాస్త టీ పోసి ఆమె నోటికి అందించాను.

"తర్వాత అరిచాను. చాలాసేపు అరిచాను. అప్పటికి ఎవరూ లేరు."

రేడియో మా ఇద్దరికీ కొంచెం దూరంలో వానలో నిలబడి ఉన్నాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు. కాసేపటికి వచ్చి ఆమె బ్యాగు తన బ్యాగు మీద వేసుకోబోయాడు. నిదానం దాన్ని వదల్లేదు. చేతుల్లో పట్టు లేకపోయినా వదల్లేదు. చివరికి నేనే విడిపించి వాడికిచ్చాను.

వెలుతురుండగానే గుడిసె చేరాం. బాబాయి ఆమె చేతులు తన చేతుల్లో పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. పిల్లలు తలా ఒక పొడి బట్ట తెచ్చి కుప్ప పోశారు.

పొద్దున్నే వాన వెలిసింది. గుడిసె ముందు అందరం బ్యాగులు తగిలించుకుంటుంటే నిదానం వెళ్ళి బాబాయి ఎదురుగా నిలబడి, బ్యాగు ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"నాకో గీత రావాలి బాబాయీ."

"నిన్నటిది నీ తప్పు కాదమ్మా. పద."

"లెక్కకి నేను లేను కదా?"

"లేవు. అయితే ఏం?"

"దానికి ముందు అయిదుసార్లు కూడా లేను. వాడు అన్నాడు. గీయండి."

ఇంకొక్క గంట నడిచి రోడ్డు దాటితే ఆమె అనుకున్నది అయిపోతుందని బాబాయికి తెలుసు, నాకు తెలుసు, అందరికంటే ఎక్కువ ఆమెకి తెలుసు. సుద్దముక్క తీశాడు. రెండు గీతల పక్కన మూడోది గీశాడు. ఆమె ఆ గీత చూసుకుని, బ్యాగు తగిలించుకుంది.

అప్పుడు నా బ్యాగు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "నాకు మూడూ ఒకేసారి గీసెయ్ బాబాయ్. మొదట్నుంచీ నాకు తెలుసు. నిన్నటి ఎనిమిది కూడా వాడి గొంతేనని తెలిసే పది అన్నాను."

ఆయన నన్ను ఎత్తుకుని పెంచినవాడు. తిడతాడనుకున్నాను, తిడితే బావుండేది. వంగి మూడు గీతలు గీశాడు. మూడోది గీసేటప్పుడు సుద్ద విరిగింది. రేడియో కూడా తన బ్యాగు తేబోతే చేత్తో ఆపాడు. "నువ్వు దిగడానికి లేదు. ఇక్కణ్ణుంచి చివర్న నువ్వు నడు. నోటితో పని లేదు, కళ్ళతో చూసుకుంటూ రా" అన్నాడు. వాడు సరే అనలేదు, వెళ్ళి అందరి వెనక నిలబడ్డాడు.

రోడ్డు దగ్గర వాళ్ళు దాటి అవతలి అడవిలోకి వెళ్ళిపోయారు. మేమిద్దరం బస్సెక్కాం. నిదానం కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నేను నిద్రపోలేదు. ఆమె తల్లికి ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాను. వానలు ఎక్కువయ్యాయి, ట్రెక్కింగే ఆగిపోయింది, అందర్నీ దింపేశారు అని చెప్తే పిల్లకి మాట రాదు, నాకూ రాదు. మిగిలినవాళ్ళు మర్నాటికి గానీ తిరిగి రారు. ఆ తర్వాత సంగతి తర్వాత. ఇది ఆ పిల్ల మంచికే అని కూడా అనుకున్నాను, చూశారా, ఇంత జరిగాక కూడా.

లాండ్రీలో ఆవిరి, సబ్బు వాసన. గోడవారన తెల్ల దుప్పట్ల దొంతరలు, ఒక్కోదానికి గుచ్చిన చీటీ. వెనకాల మిషన్లు గుర్రుమంటూ తిరుగుతున్నాయి. ఆవిడ బల్ల దగ్గర దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. మమ్మల్ని చూసింది. వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

"మధ్యలోనే వచ్చేసిందన్నమాట" అంది, కూతురితో కాదు, నాతో.

"వానలండీ" అన్నాను. "పైన విపరీతంగా వానలు. అందుకని అందర్నీ..."

"కాదమ్మా."

మిషన్ల హోరు మీదుగా వినబడేంత గట్టిగా అంది. ఆ పిల్లకి అంత గొంతు ఉందని నాకు తెలీదు.

"మూడుసార్లు వెనకబడ్డాను. మూడు గీతలు పడ్డాయి. దింపేశారు. మిగతావాళ్ళు నడుస్తున్నారు."

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కూతుర్ని తిట్టడానికి నోరు తెరిచినట్టే తెరిచి, ఆమె మొహంలో ఏం చూసిందో, మూసేసింది. నావైపు తిరిగింది.

"మరి మీరెందుకు వచ్చారు?"

నేను నిదానం వైపు చూశాను. ఆమె కూడా నన్నే చూస్తోంది. నా బదులు ఏమీ అనలేదు.

"నన్ను కూడా దింపేశారండీ" అన్నాను. "మీ అమ్మాయి కొండమీద తప్పిపోయింది. వానలో మూడు గంటలు ఒక్కతే ఉంది. వెనక నడుస్తూ చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. ఆమె లేకపోయినా ఉందని పిల్లలు చెప్తుంటే, తెలిసి ఊరుకున్నాను."

"లేదని ఎంతసేపటికి తెలిసింది మీకు?"

"గంటన్నరకి."

"గంటన్నర" అంది ఆవిడ.

ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కూతుర్ని దుప్పట్ల దొంతర మీద, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్ల మీద, బురదతోనే కూర్చోబెట్టింది. తను కింద కూర్చుని బూటు లేసులు విప్పడం మొదలుపెట్టింది. తడికి బిగుసుకుపోయి ముడులు రావడంలేదు.

"నేను విప్పుకుంటానమ్మా" అంది నిదానం.

"తెలుసులే" అని, ఆవిడ విప్పుతూనే ఉంది. నన్ను కూర్చోమనలేదు, వెళ్ళమనీ అనలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాను.